శీతకాలమునకు కోకో కలిపిన రాగి జావ

మార్గశిర పుష్య మాసములయందు కొండపల్లి కొండల మీదనుండి దిగిన మంచు ఒక్కొక్కనాడు బడిగంట కొట్టువరకును విడువదు. మన చలి హిమాలయ ప్రాంతముల చలివంటిది కాదు. జనవరిలో తెల్లవారుజామున 16, 17 డిగ్రీలకు దిగినచో మనము దుప్పట్లు వదలము. అయినను ఆ కొద్దిపాటి చలికే పిల్లలు ప్రొద్దెక్కి లేచుదురు; లేచి, ముఖము కడిగి, ఏమియు తినకయే పుస్తకముల సంచి భుజమునకు తగిలించుకొని పరుగిడుదురు. అట్టివారికి ఆనాటి మొదటి కబళము మధ్యాహ్న భోజనమే యగుచున్నది. రాత్రి భోజనమునకును దానికిని నడుమ పదునారు గంటలు గడచును. ఈ స్థితిలో లెక్కలు తలకెక్కలేదని బాలుని మందలించుట న్యాయము కాదని మా యభిప్రాయము. ఉదయమున తల్లులకు తీరిక యుండదనియు మే మెఱుగుదుము. కావుననే పావుగంటలో సిద్ధమై, వెచ్చగ కడుపు నింపి, పిల్లలు ఇష్టముతో త్రాగునట్టి వంటకము నొకదానిని ఇచ్చట వివరింపబూనితిమి.

చలిదేశములవారు శీతకాలపు ఉదయములందు ఓట్సు అను ధాన్యమును గంజివలె కాచి, అందు కోకో పొడియు దాల్చినచెక్కయు చేర్చి తినుచుందురు. ఈ కూర్పు వారికి మాత్రమే తోచినది కాదు. మెక్సికో దేశీయులు మొక్కజొన్న పిండి జావలో చాక్లెట్టు కలిపి కాచుకొందురు. ఫిలిప్పీను ద్వీపములవారు జిగురు బియ్యమును కోకోతో ఉడికించి, దానికి చంపొరాడో అని పేరిడి, వానకాలపు ఉదయములందు ప్రీతితో తినుదురు. ఎవరి నేలలో పండిన గింజతో వారు చేసికొనిరి. మన యెండలకు ఓట్సు తగదు. ఉత్తర హిందూస్థానమున దానిని శీతకాలమునందు ముఖ్యముగ పశుగ్రాసమునకై సాగుచేయుదురు. మనకున్నవి రాగులు. వీనినే విశాఖపట్టణము వైపున చోళ్ళనియు, తెలంగాణమున తైదలనియు అందురు.

మన కృష్ణా మండలమున రాగులు పరాయివై పోవుటకు ఒక కారణము కలదు. 1855లో బెజవాడకడ ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు డెల్టా యంతటను పాఱెను. ఎచ్చట చూచినను వరియే వచ్చెను. తెల్లని అన్నము మర్యాదకు గుఱుతయ్యెను. జొన్నయు చోడియు మెట్టవారి కూడని యనిపించుకొనెను. మన తాతలు త్రాగిన అంబలిని మనుమలు నామోషీగా చూచుట ఆ మర్యాద ఫలమే. కాలము తిరిగినది. ఐక్యరాజ్య సమితివారు 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించిరి. ఆ యేటి మార్చిలోనే మన రాష్ట్రపు బడులలో వారమునకు మూడు దినములు పిల్లలకు రాగి జావ నిచ్చు ఏర్పాటు మొదలైనది.

నూఱు గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. మన నిత్యాహారమగు పాలిషు బియ్యములో నిది పది మిల్లీగ్రాములకు మించదు. ఎముక పెరుగు వయసు పిల్లలకు ఈ భేదము చిన్నది కాదు.

ఇక కోకో. దీనిని సీమ సరుకని తలంచువారు ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలకు పోయి, కొబ్బరి, పామాయిలు తోటల నీడలో నిలచియున్న ఆ చెట్లను చూడవలెను. కాయలు కొమ్మల చివరలయందు గాక మ్రానునకే అంటుకొని కాయుట చూడముచ్చటగ నుండును. నేడు మన దేశమున కోకో అధికముగ పండించు రాష్ట్రము ఆంధ్రప్రదేశమే. కాయను పగులగొట్టగా తెల్లని తీయని గుజ్జులో పొదిగిన గింజలు వచ్చును. వానిని గుజ్జుతో కూడ కుప్పవేసి కప్పి, అయిదారు దినములు పులియబెట్టి, పిదప ఎండలో ఆరబెట్టుదురు. పులియనిదే చాక్లెట్టు వాసనకు మూలమైన పదార్థములు గింజలో పుట్టవు. పచ్చి గింజ వట్టి చేదు, వగరు. ఆ పిమ్మట వేయించి, నూరి, కొవ్వును చాలవఱకు పిండివేయగా మిగిలిన పిప్పిని దంచినదే కోకో పొడి. అట్లు పిండు యంత్రమునకు హాలెండులో వాన్ హౌటెన్ వారు 1828లో పేటెంటు పొందిరి. 2024 చివర ప్రపంచ విపణిలో కోకో ధర టన్నునకు పండ్రెండువేల డాలర్లను దాటి, మరుసటి యేడు పడిపోవగా మన రైతులు మిక్కిలి క్లేశపడిరి. మన యింట వాడెడి రెండు చెంచాల పొడి వెనుక ఇంత కథ కలదు.

నలుగురికి సరిపడు జావకు కావలసినవి: రాగిపిండి 80 గ్రాములు, నీరు మూడు గ్లాసులు, పాలు గ్లాసున్నర, తురిమిన బెల్లము 60 గ్రాములు, తీపి కలుపని కోకో పొడి మూడు టీ చెంచాలు, శొంఠిపొడి అర చెంచా, మిరియాలు ఆఱు, యాలకులు నాలుగు, చిన్న దాల్చినచెక్క ముక్క, చిటికెడు ఉప్పు. మిరియాలు, యాలకులు, దాల్చినచెక్క కలిపి ముందుగనే దంచి సీసాలో నుంచుకొనవచ్చును.

పిండిని సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువఱకు వేపి చల్లార్చవలెను. దానిని ఒక గ్లాసు చల్లని నీటిలో ఉండలు లేకుండ కలుపవలెను. చల్లని నీరే యేల? పిండిలోని పిండిపదార్థము సుమారు 65, 70 డిగ్రీల వేడిలో నీటిని పీల్చి ఉబ్బి జిగురెక్కును. పిండిని నేరుగ మరుగు నీటిలో చల్లినచో ప్రతి ముద్దయు పైన వెంటనే జిగురు కట్టి, లోనికి నీరు చొరనీయదు. ఉండలన్నవి ఇవియే, లోపల పచ్చిపిండియే. మన కొండపల్లి బొమ్మల పనివారికి ఈ సంగతి చేతివాటముగ తెలియును. తెల్లపొణికి కర్రతో చేసిన ముక్కలను అతికించుటకు వారు చింతగింజల పొడిని రంపపు పొట్టుతో చేర్చి మక్కు సిద్ధపఱచుదురు. వేడియు నీరును ఎట్లు జిగురును పుట్టించునో వారికన్న బాగుగ చెప్పగలవా రరుదు.

మిగిలిన రెండు గ్లాసుల నీరు మరుగుచుండగా, కలిపిన పిండినీటిని సన్నని ధారగ పోయుచు గరిటెతో ఆపక త్రిప్పవలెను. ఎనిమిది, పది నిమిషములకు జావ చిక్కబడి నిగనిగలాడును, పచ్చివాసన పోవును. అంతకు ముందు దింపినచో పిల్లలకు కడుపునొప్పి రావచ్చును. కోకో పొడిలో కొవ్వు మిగిలియుండుటచే అది నీటిపై తేలునేగాని తడియదు. కావున దానిని విడిగ బెల్లపు తురుముతోను, రెండు చెంచాల వేడినీటితోను నూరి ముద్దచేసి, ఆ ముద్దను సుగంధపు పొడులతోను ఉప్పుతోను గూడ జావలో కరగింపవలెను. తరువాత పొయ్యి నుండి దింపి, కొంచెము చల్లారిన పిమ్మట కాచిన పాలు పోయవలెను. మరుగుచున్న పాలలో బెల్లము పడినచో పాలు విరుగుట గృహిణులందఱు నెఱిగినదే.

శొంఠి, మిరియము వెచ్చదన మిచ్చునని పెద్దలందురు. అల్లము ఎండి శొంఠియగునపుడు దానిలోని ఘాటు పదార్థము మార్పుచెంది మఱింత తీక్షణమగును. నోటిలో వేడిని తెలిసికొను నరముల కొనలనే ఈ ఘాటు పదార్థములును తట్టును; అందుచే ఒడలి వేడి యంతగ పెరుగకున్నను వెచ్చగ నున్నట్లు తోచును. మిరపకాయ కారము మూలముగ ఈ రహస్యమును కనుగొన్న డేవిడ్ జూలియసు పండితునకు 2021లో నోబెలు బహుమానము వచ్చినది, మఱియొకరితో పంచుకొని.

అంగడిలో రంగురంగుల డబ్బాలయందు దొరకు చాక్లెట్టు పొడులలో చక్కెరయే అధికము. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్యశాఖవారు అట్టివానిని ‘ఆరోగ్య పానీయము’ లను వర్గమునుండి తొలగింపుడని ఆన్‌లైను వర్తకులకు తెలిపిరి. డబ్బా కొనలేకపోతిమే యని తల్లిదండ్రులు చింతింప నక్కఱలేదు. కోకో కూడ లేకున్నను బెల్లము, శొంఠితో జావ జావయే.

అయితే ఒకటి దాచరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత యని తేలినది. జావ దానికి మందని కొందరు చెప్పుచున్నారు. రాగులలో ఇనుము కలదు, కాని రాగులలోని వగరు పదార్థములును, కోకోలోనివియును ఆ యినుమును దేహమున కందకుండ కొంత అడ్డుకొనును. రాగులను రాత్రియంత నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి విసరినచో ఈ యడ్డు కొంత తగ్గును. మొలకపిండి జావ పలుచనగ నుండుటచే అదే గ్లాసులో ఎక్కువ పిండియు ఇముడును. జావతోబాటు ఒక జామకాయ గాని ఉసిరికాయ గాని తినుట మేలు. రక్తహీనత నిజముగ నున్నవారు వైద్యుని చూడవలసినదే. అయిదేండ్ల లోపు పిల్లలకు కోకో అర చెంచా చాలును; అందు కాఫీలోని పదార్థము కొంచెము కలదు.

పిండిని రాత్రియే నీటిలో కలిపి మూతపెట్టి యుంచినచో ఉదయమున పని సగమగును. కొంచెము పులియుటచే రుచియు హెచ్చును. ఆలస్యముగ లేచినవానికై ఉంచిన జావ గట్టిపడినచో, గరిటెడు వేడినీరు పోసి కలిపి యిచ్చునది.