ఇంటి గోడకి ఆనుకుని స్నానాల గది

దడి చాటున ఎన్నాళ్లని స్నానం చేస్తాం? తెల్లారకముందే లేవాలి. లేదా చీకటి పడేదాకా ఆగాలి. అందుకే చేతిలో నాలుగు డబ్బులు పడగానే ఆడవాళ్లం స్నానాల గది కోరుకుంటాం. ఇంటి గోడ ఒకటి ఎలాగూ ఉంది. దానికి ఆనించి మూడు గోడలు లేపితే ఖర్చు తగ్గుతుంది. మేస్త్రీ కూడా అదే చెప్తాడు.

రెండు వానాకాలాలు గడిచాక చూడండి. ఇంటి లోపల ఆ గోడ అడుగున చెమ్మ కనిపిస్తుంది. సున్నం పొలుసులుగా రాలుతుంది. తెల్లగా ఉప్పు పూస్తుంది. పక్కన పెట్టిన బియ్యం ముక్కిపోతాయి. చెమ్మ వెంటే చెదలు వస్తాయి. తడి గోడ చలికాలంలో మరీ చల్లబడుతుంది. దాని పక్కన పడుకుంటే పసిపిల్లలకి, ఉబ్బసం ఉన్నవాళ్లకి దగ్గు ఎక్కువవుతుంది.

నీళ్లు గోడలోకి ఎలా వెళ్లాయి? దీపం వత్తి నూనెను పైకి పీలుస్తుంది కదా! ఇటుక, మట్టి కూడా నీటిని అలాగే పీలుస్తాయి. గోడ మీద చిందిన నీళ్లు చాలావరకు ఆరిపోతాయి. పెద్ద చేటు నేల, గోడ కలిసే మూలలో ఉంది. అక్కడ సన్నటి పగులు చాలు. రోజూ కాసిన్ని నీళ్లు దిగి, గోడలో పైకి పాకుతాయి.

మీది మట్టి గోడా? అయితే దానికి ఆనించి కట్టకండి. మట్టి మీద సిమెంటు పూస్తే చాలంటారు. చాలదు. మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. సిమెంటు అలా కదలదు, పగులుతుంది. పగులులోంచి దిగిన తడి ఆరే దారి ఉండదు. లోపల మట్టి నాని, ఒకనాడు గోడే కూలవచ్చు. రెండడుగులు సందు వదిలి, నాలుగు గోడలూ విడిగా కట్టించండి. ఒక గోడ ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఇల్లు కూలితే ఆ ఖర్చు ఎంత?

ఇటుక గోడ అయితే ఆనించి కట్టుకోవచ్చు. గచ్చు ఇంటి నేల కంటే కిందికి ఉండాలి. గజానికి అంగుళం చొప్పున వాటం పెట్టించండి. నీళ్లు ఇంటి గోడ నుంచి దూరంగా తూము వైపు పోవాలి. మూలలు గుండ్రంగా తిప్పించండి. తట్ట సిమెంటుకి నాలుగు తట్టల ఇసుక కలిపి, గోడకి తల ఎత్తు దాకా పూయించాలి. పూత ఆరిపోకుండా వారం రోజులు తడపండి. ఈ పని మేస్త్రీ చేయడు, మనమే చేసుకోవాలి. ఆ గోడకి అవతల స్విచ్చి బోర్డు ఉంటే తీయించేయండి. తడి గోడ షాకు కొడుతుంది.

తూము నీళ్లు గోడ పక్కన నిలవకూడదు. రెండు బారల దూరంలో మూడడుగుల గుంట తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్న రాళ్లు నింపండి. మరుగుదొడ్డి గుంటలోకి మాత్రం ఈ నీళ్లు వదలకండి. అది తొందరగా నిండిపోతుంది.

గచ్చు గట్టిపడ్డాక తూముకి గుడ్డ కుక్కండి. రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి, ఒక పగలు, ఒక రాత్రి ఉంచండి. ఎండకి కాస్త తగ్గడం మామూలే. ఇంట్లోకి వెళ్లి అవతలి వైపు గోడ అడుగున చెయ్యి పెట్టి చూడండి. తడి తగిలితే మూల మళ్లీ పూయించండి. మేస్త్రీకి ఆఖరి డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.