నా ఖర్మ - వాని ఖర్మ

వానలు కురియని ఏట రాయలసీమ రైతు ఎండిన చేని గట్టున నిలిచి "నా ఖర్మ" అంటాడు. ఆ మాటలో ఓర్పు ఉన్నది. పోయినదానికై కుమిలిపోక, మరుసటి ఏరువాకకు మళ్ళీ మేడి పట్టగల ధైర్యం ఉన్నది. అదే చేనును చూచి, గాదె నిండా గింజలున్నవాడు "వాని ఖర్మ" అంటే అర్థం తలక్రిందులవుతుంది. మొదటిది దుఃఖాన్ని భరించే మాట. రెండవది ఆ దుఃఖంతో మనకు పని లేదని తప్పుకొనే మాట. కర్మసిద్ధాంతం నిజమా కాదా అన్న వాదాలకంటె ఈ భేదాన్ని గుర్తించడం ముఖ్యం.

కర్నూలు సీమ ఈ భేదాన్ని కరువులలో చవిచూచింది. 1866లో కరువు వచ్చినపుడు, నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టి ఆదుకొన్నారు. విక్టోరియా రాణి ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం బహూకరించింది. పతకం మాట ఎట్లున్నా, సీమ ప్రజలు ఆయన ధర్మాన్ని పాటకట్టి పాడుకొన్నారు. ఆకలిగొన్నవాని పూర్వజన్మ చిట్టా విప్పి చూచిన తరువాతనే విస్తరి వేయవలెనంటే, ఆ పంక్తి ఏనాటికీ సాగేది కాదు.

సరిగా పదేండ్లకు ధాత నామ సంవత్సరం వచ్చింది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ క్షామాన్ని పెద్దలు ధాత కరువన్నారు. 1871లో తొమ్మిది లక్షలు దాటిన కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి ఏడు లక్షలకు లోపడింది. దొరతనంవారు కర్మ మాట ఎత్తలేదు. ధాన్యం ధరలలో ప్రభుత్వం చేయి పెట్టరాదన్నదే వారి వేదం. 1877లో వైస్రాయి లిట్టన్ పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనులు చేసే మగవానికి దినానికి ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే అరకిలో కూడ కాదు. ఆ కూలితో ఒళ్ళు నిలువదని మద్రాసు రాజధానిలో ఆరోగ్యాధికారిగా ఉన్న డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచక తప్పలేదు. పేరు కర్మ అయినా, అర్థశాస్త్రమైనా, చేతులు దులుపుకొనే పద్ధతి ఒక్కటే.

కర్మఫలం అనుభవింపక తప్పనపుడు, సాయపడడం దానికి అడ్డు రావడం కాదా అని కొందరడుగుతారు. అట్లా అడిగినవారే తమ బిడ్డకు జ్వరం వస్తే వైద్యుని పిలువక మానరు. ఎదుటివాని పూర్వకర్మ మన కంటికి కనబడదు. కనబడేది అతని ఆకలి. దానిముందు మనం చేసినదీ, చేయక మానినదీ మాత్రం మన లెక్కలోనే పడుతుంది. కనుక కర్మను నమ్మినవాని బాధ్యత తగ్గదు, రెట్టింపవుతుంది. పోతన తెనిగించిన భాగవతంలో రంతిదేవుడు నలుబది యెనిమిది దినాలు పస్తుండి, దొరికిన అన్నాన్ని వచ్చినవారికెల్ల పంచి, మిగిలిన కాసిని నీళ్ళను లోకం అంటరానివాడని తోసివేసిన మనిషికి పోస్తాడు. నీవు ఏ పాపం చేసితివని అతనిని అడుగడు.

నేడు ధాత కరువు లేదు. కాని కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపునుండి కుటుంబాలు ఇండ్లకు తాళాలు వేసి గుంటూరు మిరపచేలకు కూలికి పోతూనే ఉన్నవి. వెంటపోయే పిల్లల బడి ఆగిపోతుంది. ఆ సీమలో వాన తక్కువన్నది నిజమే. పక్కనే తుంగభద్ర పారుతున్నదన్నదీ నిజమే. నీటిని ఏ చేలకు మళ్ళించాలి, ఊళ్ళోనే పని ఎట్లా కల్పించాలి, తల్లిదండ్రులు వలసపోయిన పిల్లలను ఎవరు చూడాలి? ఇవి మనుష్యులు తీర్చవలసిన లెక్కలు. వీటిలో పూర్వజన్మ వంతు ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు. ఈ జన్మలో మన వంతు మాత్రం స్పష్టంగా ఉన్నది.

చిన్నప్పుడు బడిలో కర్త, కర్మ, క్రియ అని వల్లించినవారమే మనమంతా. మూటాముల్లెతో, చంకన బిడ్డతో లారీ ఎక్కే ఇల్లాలిని చూచి "ఖర్మ" అనబోయే ముందు, ఆ వాక్యానికి కర్త ఎవరో ఒకసారి అడిగి చూడవలసి ఉన్నది.