చీనీ నారుమళ్లలో నల్లరెక్కల సీతాకోకచిలుక

పాపిలియో ప్రజాతి సీతాకోకచిలుకలనగానే కొండ అడవులు స్ఫురించడం సహజం. తూర్పు కనుమలలో ఎగిరే నీలిమచ్చల పాపిలియో పాలిమ్నెస్టర్ అటువంటిదే. అదే ప్రజాతికి చెందిన నిమ్మ సీతాకోకచిలుక, పాపిలియో డెమోలియస్, సాలుకు సుమారు 550 మి.మీ. వర్షపాతం గల అనంతపురం మెట్టలో స్థిరపడింది. నల్లని రెక్కలపై లేత పసుపు మచ్చలు, వెనుక రెక్క లోపలి కొనన ఇటుకరంగు మచ్చ దీని గుర్తులు. ఈ ప్రజాతిలో చాలావాటికి ఉండే తోక దీనికి లేదు.

దీని మనుగడకు వానకన్నా చిగురు ముఖ్యం. చీనీ తోటలను బెట్టకు గురిచేసి, తిరిగి బోరునీరు పారించినప్పుడు లేత చిగుళ్లు ఒక్కసారిగా వెలువడతాయి. తల్లి పురుగు వాటిపై లేత పసుపు రంగు గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. తోటలు లేనిచోట కరివేపాకు, మారేడు, వెలగ దీనికి ఆశ్రయమిస్తాయి. పప్పుజాతికి చెందిన బావంచి మొక్కను సైతం ఇది తినగలగడం విశేషం. ఇంతటి సర్దుబాటు గల పురుగు 2004లో కరీబియన్ ప్రాంతంలోని డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

తొలిదశ లార్వా పక్షి రెట్టను పోలి ఉంటుంది; అందువల్లనే నారుమడిలో తరచు కంటపడదు. ఎదిగినది ఆకుపచ్చగా మారి, తాకినంతనే తల వెనుక నుండి ఘాటైన వాసన గల చీలిన అవయవాన్ని వెలికి చాపుతుంది. అంచుల నుండి మొదలుపెట్టి నడిమి ఈనె మాత్రమే మిగిలేలా ఆకును తినివేస్తుంది. ముదురు చెట్టు ఈ నష్టాన్ని తట్టుకొంటుంది. అక్కడ మందు పిచికారి వృథా వ్యయమే. రంగపూర్ నిమ్మ వేరుమూలపు నారు సంగతి వేరు. ఆకు పోతే కాండం లావెక్కదు, సాత్గుడి కన్ను అంటుకట్టే అదను దాటిపోతుంది.

కనుక నారుమడిలో గుడ్లను, లార్వాలను చేతితో ఏరడమే ప్రథమ చర్య. ఉధృతి మిక్కిలిగా ఉంటే లార్వాలు చిన్నవిగా ఉన్నప్పుడే బాసిల్లస్ తురింజియెన్సిస్ మందును లీటరు నీటికి 1 గ్రాము చొప్పున పిచికారి చేయవచ్చు. ఏరిన గుడ్లను నలిపివేయరాదు. ట్రైకోగ్రామా పరాన్నజీవి ఆశించిన గుడ్లు నల్లబడతాయి. పొదగబోయే గుడ్డు కూడా కొంత ముదురుతుంది గనుక కంటిచూపుతో తేడా తేల్చడం కష్టం. సన్నని వల కట్టిన పాత్రలో వాటిని మడి పక్కనే ఉంచితే పరాన్నజీవులు బయటికి పోతాయి, లార్వాలు లోపలే నిలిచిపోతాయి.