ఎముకకు పని మిగల్చాలి

1893లో పారిస్ శస్త్రవైద్యుడు జూల్ ఎమిల్ పెయాన్ దగ్గరికి 37 ఏళ్ల మనిషి వచ్చాడు. క్షయ అతని భుజం కీలును తినేసింది. చెయ్యి తీసేయడానికి అతను ఒప్పుకోలేదు. పెయాన్ కోరితే మైకేల్స్ అనే దంతవైద్యుడు ప్లాటినం కడ్డీకి, పారఫిన్‌లో ఉడికించి గట్టిపరచిన రబ్బరు తల అమర్చి ఒక కీలు తయారుచేశాడు. చెయ్యి కొంతకాలం బాగానే ఆడింది. కానీ చీము వదల్లేదు, చివరికి కీలును తీసేశారు. అప్పుడప్పుడే వాడుకలోకి వచ్చిన ఎక్స్-రేలో లోహం చుట్టూ కొత్త ఎముక పొరగా పేరుకుని కనిపించింది.

తొలి కృత్రిమ భుజంగా ఈ కథను అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ ఎముక పొరే ముఖ్యం. లోహాన్ని దిగ్గొట్టిన చోట ఎముక ఊరికే పడి ఉండదని అది చూపించింది.

అంతకు ఏడాది ముందే, 1892లో, బెర్లిన్‌లో శస్త్రవైద్యుడు యూలియస్ వోల్ఫ్ ఈ సంగతినే పుస్తకంగా రాశాడు. బరువు పడిన చోట ఎముక గట్టిపడుతుంది, పడని చోట పలచబడుతుంది. ఎముకలో పాతుకుపోయిన కణాలు ఒత్తిడిని పసిగట్టి, ఎముకను పోసే కణాలకూ కరిగించే కణాలకూ కబురు పంపుతాయని తర్వాత తెలిసింది.

1950ల తొలినాళ్లలో న్యూయార్క్‌లో శస్త్రవైద్యుడు చార్లెస్ నీర్, భుజం దగ్గర ముక్కలైన ఎముకకు బదులుగా కోబాల్ట్-క్రోమియం మిశ్రమంతో తల చేయించాడు. దాని కింద పొడవాటి కాడ ఉంటుంది, దాన్ని దండచేతి ఎముక గొట్టంలోకి దింపుతారు. 1970లలో రెక్క ఎముక వైపు ప్లాస్టిక్ గుంట కూడా చేరింది. వేలమందికి చెయ్యి మళ్లీ పైకి లేచింది. చిక్కు ఆ కాడలోనే ఉంది.

మన గట్టి ఎముక బిగువు, అంటే ఒత్తిడికి వంగని గుణం, సుమారు 15 నుంచి 20 గిగాపాస్కల్స్. టైటానియం మిశ్రమానిది 110 దాకా, కోబాల్ట్-క్రోమియానిది 200 పైమాటే. కాడికి కట్టిన రెండు ఎద్దుల్లో బలమైనది బరువంతా లాగేస్తే రెండోది మెడ వాల్చేస్తుంది, ఇక్కడా అంతే. పైనుంచి వచ్చే బరువును కాడ తీసుకుని నేరుగా కిందికి దించేస్తుంది. దాంతో కీలు తల కింద లోపలివైపు గోడ, బయటివైపు కండరాలు అతుక్కునే గుబ్బ పని లేక పలచబడతాయి. కాడ ఎంత లావుగా ఉంటే, గొట్టాన్ని ఎంత బిగుతుగా నింపితే ఇది అంత ఎక్కువ. ఆపరేషన్ తర్వాత చేతిని కొన్ని వారాలు కట్టులో ఉంచడం కూడా ఎముకను కొంత తగ్గిస్తుంది.

ఎముక ఇలా పలచబడితే సాధారణంగా నొప్పి ఉండదు. కీలు పెట్టించుకుని చెయ్యెత్తి జడ వేసుకుంటున్న మహిళకు లోపల ఎముక తగ్గుతున్న ఊసే తెలియదు. అందుకే కొలత కావాలి. మామూలు ఎక్స్-రేలో చాలా ఎముక పోయాక గానీ తేడా కంటికి ఆనదు. డెక్సా స్కాన్ రెండు శక్తి స్థాయుల ఎక్స్-కిరణాలతో ఎముక ఖనిజాన్ని లెక్కగడుతుంది. లోహాన్ని లెక్కలోంచి తీసేసి, కాడ చుట్టూ ఉన్న ఎముకను భాగాలుగా విడదీసి, ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన అంకెతో తర్వాతి అంకెలను పోల్చవచ్చు. పలచబడిన ఎముక అసలు ఇబ్బంది పెట్టేది రెండో ఆపరేషన్ వచ్చినప్పుడే. బిగుసుకున్న కాడను బయటికి లాగాలంటే ఒక్కోసారి ఎముకనే చీల్చాలి. మిగిలిందే తక్కువైతే కొత్త కీలును దేనికి బిగించాలి?

అందుకే నీర్ తర్వాతి చరిత్రను నేను లోహం వెనక్కి తగ్గిన చరిత్రగా చదువుతాను. కాడ పొట్టిదైంది. 2004లో యూరప్‌లో కాడే లేని కీలు వచ్చింది. కోసిన ఎముక పైభాగంలోని స్పంజిలాంటి అల్లికనే పట్టుకుని నిలుస్తుంది. బరువు మళ్లీ ఎముక మీదికి వస్తుంది. అయితే ఆ అల్లిక గట్టిగా ఉండాలి. దాన్ని తేల్చుకోవడానికి ఆపరేషన్ మధ్యలో సర్జన్ కోసిన ఎముక మీద బొటనవేలితో నొక్కి చూస్తాడు. వేలు లోపలికి దిగబడితే కాడ ఉన్న కీలే పెడతాడు. అంటే, ఎముక గుల్లబారిన పెద్దవయసు వాళ్లకు, ఉన్న ఎముకను కాపాడుకోవాల్సిన అవసరం ఎక్కువ ఉన్నవాళ్లకే, చాలాసార్లు కాడ తప్పడం లేదు.