30 కోట్ల కణాల నుంచి ఒక్క కణం దాకా

నారాయణగూడ కాలేజీల్లో ఇంటర్ బోటనీ ప్రాక్టికల్స్ చేసినవారికి రియో ఆకు గుర్తుండే ఉంటుంది. అడుగు పొర ఒలిచి మైక్రోస్కోపు కింద పెడితే ఊదారంగు కణాల నడుమ ఆకుపచ్చని రక్షక కణాలు జంటలు జంటలుగా కనిపిస్తాయి. జంటకో పత్రరంధ్రం. చిక్కడపల్లి లైబ్రరీలో, అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదివే పాలమూరు, నల్లగొండ రైతుబిడ్డలకు కరువంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఆ కరువులో పైరు నీటిని కాపాడేది ఈ కణాలే.

97 శాతం: వేరు పీల్చిన నీటిలో సుమారు ఇంత ఆవిరైపోతుంది, ఎక్కువగా ఈ రంధ్రాల గుండానే. నేల ఎండితే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. రక్షక కణంలోని గ్రాహక ప్రోటీన్లు దాన్ని పట్టుకోగానే పొటాషియం, వెంటే నీరు బయటికి పోతాయి. కణం బిగువు తగ్గి రంధ్రం మూసుకుంటుంది.

14: అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలో ఆ గ్రాహకాలు ఇన్ని. 2009లో ఇవి బయటపడ్డాయి.

22,000: 2008లో అమెరికాలో సారా అస్మాన్ బృందం ఇన్ని అరబిడాప్సిస్ మొక్కల నుంచి 30 కోట్ల రక్షక కణాలను వేరుచేసింది. గుర్తించిన ప్రోటీన్లు 1,734. అన్ని కణాలెందుకు? డీఎన్ఏనైతే పీసీఆర్‌తో కోట్లరెట్లు చేయవచ్చు. ప్రోటీన్‌కు ఆ వీలు లేదు, కణంలో ఉన్న కాస్తనే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు ఇవ్వాలి. పైగా ఆకులో కరిగే ప్రోటీన్‌లో దాదాపు సగం రూబిస్కోయే. అరుదైనవి దాని చాటున పడిపోతాయి.

200: ఇన్ని కూడా లేని టొమాటో కాయ కణాలను లేజర్‌తో కోసి, నానోలీటర్ల చుక్కలో శుద్ధిచేసి 2018లో ప్రోటీన్ల పట్టిక రాబట్టారు. గురి ఇక ఒక్క కణం. కోచింగ్ సెంటర్ సగటు మార్కు చూసి ఏ విద్యార్థికి ర్యాంకొస్తుందో చెప్పలేనట్టే, ఆకంతా నూరి తీసిన సగటుతో ఏ కణం కరువుకు ఎలా స్పందించిందో తెలియదు.

28,269: పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలో 2013లో వెలువడిన శనగ జన్యుపటంలో అంచనా వేసిన జన్యువులివి. నల్లరేగడిలో మిగిలిన తేమతోనే పండే పంటకు ఇది గొప్ప ఆధారం. అయితే జన్యువుల జాబితా ఏ ప్రోటీన్లు తయారు కాగలవో చెబుతుంది. బెట్ట మొదలైన ఏ రోజు, ఏ కణంలో, ఏ ప్రోటీన్ ఎంత ఉందో చెప్పదు.

రైతుకు కావాల్సిన తేడా అక్కడే ఉంది. రంధ్రాలు మరీ ముందే మూసుకుంటే మొక్క బతుకుతుంది, కానీ కార్బన్ డయాక్సైడ్ అందక గింజ తగ్గుతుంది. ఆలస్యమైతే పైరే ఎండుతుంది. కణం కణం వెతికే ఈ పని అరబిడాప్సిస్ దగ్గర ఆగకుండా మన శనగ, వేరుశనగ, జొన్న పైర్లలోనూ జరగాలి.