జనం లెక్క దాటితేనే తారు రోడ్డు

ఏ జిల్లా జనగణన పుస్తకం తిరగేసినా ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక వరుస కనిపిస్తుంది. ఇళ్లెన్ని, ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఆరేళ్లలోపు పిల్లలెందరు, చదవడం రాయడం వచ్చినవాళ్లెందరు, ఏడాదిలో ఆరు నెలలైనా పని దొరికినవాళ్లెందరు అన్నీ అందులోనే. 2011 లెక్కల ప్రకారం దేశంలో గ్రామాలు సుమారు 6.4 లక్షలు. జనం కాపురమున్నవి 5.97 లక్షలు. మిగతావి బేచిరాగ్ గ్రామాలు. వాటి పేరూ పొలాలూ రికార్డులో ఉంటాయి కానీ ఊరుండదు.

పక్కనే ఇంకో పట్టిక ఉంటుంది. ఊరికి బస్సు వస్తుందా, ఆటోలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు తిరుగుతాయా, ఉన్నది తారు రోడ్డా, మట్టి రోడ్డా, కాలిబాటేనా అన్నది అది చెబుతుంది. లేని సౌకర్యం ఎంత దూరంలో ఉందో ఒక్క అక్షరంతో సూచిస్తారు. 5 కిలోమీటర్ల లోపైతే ‘ఎ’, 5 నుంచి 10 అయితే ‘బి’, అంతకు మించితే ‘సి’. బస్సు కోసం 11 కిలోమీటర్లు పోవాల్సిన ఊరికీ, 40 పోవాల్సిన ఊరికీ పడేది ఒకటే ‘సి’.

ఈ రెండు పట్టికలకూ గట్టి ముడి ఉంది. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డుకు అర్హత తేల్చింది జనాభాయే. మైదానంలో 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లో 250 మంది ఉండాలి, అదీ 2001 లెక్క ప్రకారం. మైదానంలో అర కిలోమీటరు లోపల ఉన్న ఆవాసాల జనాన్ని కలిపి లెక్కించే వీలిచ్చారు. పెద్ద ఊళ్లకు ఇది మేలే చేసింది. చిక్కంతా శివారు గూడేలకే. జనగణన పట్టికలో వాటికి విడిగా వరుసే ఉండదు. ఊరి మధ్యలో తారు రోడ్డుంటే, మూడు కొండల అవతలున్న గూడెం కూడా రికార్డులో రోడ్డున్న ఊరి కిందే జమ.

ఆ తేడా ఎంతటిదో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో తెలుస్తుంది. రోడ్డు లేని గూడెంలో గర్భిణికి నొప్పులొస్తే, కర్రకు దుప్పటి కట్టి, అందులో ఆమెను కూర్చోబెట్టి, ఇద్దరు ముందూ వెనకా భుజానికెత్తుకుంటారు. దీన్నే డోలీ అంటారు. వానాకాలంలో వాగులు దాటుకుంటూ, 108 వాహనం ఆగగలిగే చోటు దాకా మోయాల్సిందే. ఈ బాధ జనాభా సంఖ్యను బట్టి తగ్గేది కాదు. అందుకే ఇక్కడ 250 అన్న గీత ఎంతమాత్రం న్యాయం కాదు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం అత్యంత వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు దాన్ని 100కు దించింది. ఆలస్యమైనా సరైన పనే.

తెలంగాణలో ఇలాంటి లెక్కే వేరే మేలు చేసింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు వెయ్యికి పైగా సొంత పంచాయతీలయ్యాయి. రోడ్డు అడగడానికి వాటికంటూ ఒక సర్పంచి వచ్చారు.

రోడ్డు పడ్డాక బస్సు రావాలి. మహిళలకు ఉచిత ప్రయాణం తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు వచ్చే ఊళ్లో కూలికి వెళ్లే ఆడవాళ్లకూ, కాలేజీ అమ్మాయిలకూ రోజూ చార్జీలు మిగులుతున్నాయి. బస్సు రాని ఊళ్లో మాత్రం షేర్ ఆటోకు డబ్బులిచ్చుకోక తప్పదు.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడటంతో, 2024లో ఆమోదం పొందిన సడక్ యోజన నాలుగో దశకూ 2011 లెక్కలే ఆధారమయ్యాయి. కొత్త జనగణనకు మన ప్రాంతాల్లో ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. ఈసారైనా ప్రతి తండాకూ, ప్రతి గూడేనికీ విడిగా జనం సంఖ్యా, బస్సు దొరికే చోటికి కిలోమీటర్లలో అసలు దూరమూ ప్రకటించాలి.