నీట నిలిచిన పైరు వాడుట ఎందువలన?

వెలగలేరు వద్ద మళ్లించిన బుడమేరు నీరు ఇబ్రహీంపట్నము వద్ద కృష్ణలో కలియునని మీ రెరుగుదురు. 2024 సెప్టెంబరు మొదట ఆ కాలువ కట్టకు గండ్లు పడినవి. ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద సాగినది. విజయవాడ పరిసరములలో చేలు నీట మునిగినవి. ఇట్టి ముంపులలో ఒక వింత కన్పించును. మడిలో వరి పచ్చగా నిలిచియుండగా, ప్రక్క చేలో ప్రత్తి, మిరప మొక్కలు చీలమండ లోతు నీటిలో ఉండియు, నీరందని వానివలె తలలు వాల్చును. కొందరు వెంటనే తెగులు మందు కొట్టుదురు. మరికొందరు ఆ నీటిలోనే యూరియా చల్లుదురు. నా దృష్టిలో రెండవది మరింత దండుగ. కుళ్లు తెగులు తరువాత రావచ్చును గాని, మొదటి రెండు మూడు రోజులలో వాడుటకు కారణము వేరు కణముల పొరలో ఉన్నది.

మొక్కలోని ప్రతి కణమును ఒక పలుచని పొర చుట్టి యుండును. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో, అందు 7, 8 భాగములే దీని మందము. ఇది రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడినది. ప్రతి అణువునకు నీరు గిట్టు తల, నీరు గిట్టని తోకలు ఉండును. తోకలు ఎదురెదురుగా లోపలికి, తలలు వెలుపలికి తిరిగి నిలుచును. ప్రాణవాయువు దీని గుండా సులువుగా పోవును. పొటాషు, నత్రితము వంటి లవణములు పోజాలవు. వానికై పొరలో అక్కడక్కడ మాంసకృత్తులతో ఏర్పడిన ద్వారములు, పంపులు కలవు.

నీరు సాధారణముగా లవణములు తక్కువగా ఉన్న వైపునుండి ఎక్కువగా ఉన్న వైపునకు పోవును. మాగాయ ముక్కలకు ఉప్పు పట్టించగా ఊట దిగుట మీ ఇంట చూచినదే. పొటాషు ఎరువు మొదట్లో కుప్పగా పోసినచో మొక్క మాడుటయు ఇట్టిదే. వేరులో దీనికి ఎదురుగా జరుగవలెను. అందుకై వేరు కణములు పంపులతో లవణములను లోనికి తోడి నిలువ చేసికొనును. వాని వెంట నీరు వచ్చును.

డీజిలు లేనిదే ఇంజను తిరుగదు. అట్లే ఈ పంపులకు శక్తి కావలెను. వేరు చక్కెరను ప్రాణవాయువుతో కలిపి ఖర్చు చేసి ఆ శక్తిని పొందును. మట్టి సందులలో నీరు నిండినచో గాలికి దారి ఉండదు. నీటిలో ప్రాణవాయువు వ్యాపించు వేగము గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు తక్కువ. కావున పంపులు మందగించును. అంతేకాదు, నీటికి ప్రత్యేక ద్వారములు కలవు. వీనిని మనుష్యుల రక్తకణములలో కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. మొక్కలలోను ఇవి ఉన్నవి. గాలి అందని వేరులో కణరసము పులుపెక్కి ఈ ద్వారములు మూసికొనును. ఇక చుట్టును నీరున్నను మొక్క త్రాగజాలదు.

వరికి ఆకులనుండి వేళ్లవరకు గాలి దారులు కలవు గనుక ఈ చిక్కు తక్కువ. ఆకుల కొనలు సైతము మునిగినచో వరియు నిలువదు. స్వర్ణ సబ్-1 వంటి రకములు మాత్రము రెండు వారముల వరకు ఓర్చుకొనును.

కావున మెట్ట పైరులలో మొదటి పని బోదెలు తీసి నీరు వెళ్లగొట్టుట. నిలువ నీటిలో వేసిన యూరియాను వేళ్లు సరిగా తీసికొనజాలవు. నత్రజనిలో కొంత వాయువుగా మారి పోవును కూడ. ఆకు కణములకు గాలి అందుచునే యున్నది. అందువలన లీటరు నీటికి 20 గ్రాముల యూరియా గాని, 10 గ్రాముల పొటాషియం నైట్రేటు గాని కలిపి సాయంకాలము ఆకులపై పిచికారి చేయవలెను. పదును రాగానే అంతరకృషి చేసి మట్టిని గుల్ల పరచవలెను. వారము తరువాత ఒక మొక్కను పెరికి చూడవలెను. తెల్లని పిల్లవేళ్లు కన్పించిన పిమ్మటనే నత్రజని, పొటాషు పైపాటుగా వేయవలెను.